వైండర్ అన్న తీగ విమానం

చండ్రుగొండ దగ్గర మా చెల్లెలి మిరప చేనికి మొన్న మందు కొట్టించాం. వీపున డబ్బా కట్టుకుని సాళ్ల మధ్య తిరిగే మనుషులు ఇప్పుడు దొరకడం లేదు. ఒకతను బండి మీద డ్రోన్ తెచ్చాడు. గట్టు మీద నిలబడి దాన్ని లేపాడు, సగం చేను తడిపాడు. తర్వాత దాన్ని గాలిలోనే నిలబెట్టి, రిమోటు కింద పెట్టి, మా చెల్లెలు తెచ్చిన టీ గ్లాసు అందుకున్నాడు.

"పడదా?" అన్నాను.

"పడదు బాబాయ్. అదే నిలబడ్తది. చేతితోని పనేం లేదు," అన్నాడతను, టీ ఊదుకుంటూ.

నేను డ్రోన్ వంక చూస్తూ ఉండిపోయాను. గాలికి కొంచెం కూడా కదలలేదది. చేతితో పని లేకపోతే ఎగరేయడం ఎందుకని అనేవాడొకాయన ఉండేవాడు. మొన్న వానాకాలంలో పోయాడు. చావుకు వెళ్లాను కానీ, ఆ తర్వాత వాళ్లింటి గడప తొక్కలేదు. తొక్కలేకపోయాను.

ఆయన్ని బాయి మీద అందరూ వైండర్ అన్న అనేవారు. మా వైపు బొగ్గు గనిని బాయి అంటాం. ఇప్పుడన్నీ పైనుంచి తవ్వే ఓపెన్‌కాస్టులే గానీ, అప్పట్లో మా బాయి నిలువునా నేలలోకి దిగేది. మనుషుల్ని కేజ్‌లో నిలబెట్టి ఇనుప తాడుతో దించేవారు. ఆ తాడును నడిపే ఇంజన్ హౌస్‌లో బ్రేకు పిడి పట్టుకుని కూర్చునేవాడే వైండర్. నేను ఏడేళ్లు లోపల బొగ్గెత్తి, నడుం పాడయ్యాక పైకొచ్చి, బాయి మూతి దగ్గర గంట కొట్టే పనిలో కుదిరాను. గంట ఒకటి కొడితే ఆపమని. రెండు కొడితే దించమని. మూడు కొడితే మనుషులెక్కారని. నేను ఇక్కడ కొడితే ఆయన అక్కడ తిరిగి కొట్టేవాడు. పన్నెండేళ్లు ఒకే షిఫ్టులో చేశాం. షిఫ్టు నడుస్తున్నంతసేపూ ఆయన మొహం నాకు కనపడేది కాదు. గంట మాత్రం వినపడేది.

వేరే వైండర్ల చేతిలో కేజ్ కింద ఆగితే మోకాళ్లు జివ్వుమనేవి. ఈయన దించితే ఆగిన సంగతి తెలిసేది కాదు. తలుపు తీసేదాకా, ఇంకా దిగుతున్నామనుకుని కబుర్లు చెప్పుకునేవాళ్లం. ఎవరైనా ఆ మాట చెప్పి మెచ్చుకుంటే ఆయనది ఒకటే జవాబు.

"లేపుడు మోటర్ లేపుతది తమ్మీ. దించుడే మనం చెయ్యాలె."

ఏం చేసినా అలాగే చేసేవాడు. టీ గ్లాసు బల్ల మీద పెడితే చప్పుడు రాదు. తలుపు వేస్తే వేసినట్టు తెలియదు. కుడిచేత్తో సంచి మోయడు, వాలీబాల్ ఆడడు, గట్టిగా చేయి కలపబోతే చేయి వెనక్కి తీసుకుని నమస్తే పెట్టేవాడు. బస్సెక్కితే డ్రైవర్ కాలి వంకే చూసేవాడు. ఒకసారి ఇద్దరం కొత్తగూడెం నుంచి ఖమ్మం పోతుంటే, జూలూరుపాడులో చెప్పాపెట్టకుండా దిగిపోయాడు. ఏమైందో తెలియక నేనూ దిగాను.

"వీనికి బ్రేక్ తొక్కుడు రాదు. ఎన్కబండికి పోదాం," అన్నాడు. ఎండలో ముప్పావుగంట నిలబడ్డాం.

ఆయనకు విమానాలు తయారుచేసే విద్య ఉందని నాకు చాలా రోజులు తెలియదు. హైదరాబాదులో చదువుకునేటప్పుడు ఒక మాస్టారు దగ్గర నేర్చుకున్నాడట. మూరెడు పొడవు రెక్క, వేలెడంత ఇంజన్. ఆ ఇంజన్‌కు తిండి స్పిరిటూ ఆముదమూ. విమానం రెక్క నుంచి రెండు సన్నటి ఉక్కు తీగలు వచ్చి, మనిషి చేతిలోని పిడికి కలుస్తాయి. మనిషి మధ్యలో నిలబడి తనూ తిరుగుతుంటే, విమానం చుట్టూ తిరుగుతుంది. మణికట్టు పైకి వంచితే పైకి లేస్తుంది, కిందికి వంచితే దిగుతుంది. ఇంతే. తండ్రి బాయి లోపల పనికి ఇక పనికిరాడని డాక్టర్లు తేల్చాక, చదువు మానుకుని తండ్రి బదులు ఉద్యోగంలోకి వచ్చాడు. వచ్చిన కొత్తలో ఆదివారాలు కాలనీ గ్రౌండులో ఎగరేసేవాడనీ, ఆ వాసనకు కుక్కలు తుమ్మేవనీ పాతవాళ్లు చెప్పేవారు. వైండర్‌గా ప్రమోషన్ వచ్చిన వారమే దాన్ని ట్రంకు పెట్టెలో పెట్టేశాడు.

ఎందుకు మానేశావని అడిగితే, "రెండు పిడులు ఒక్క చేతిల పట్టవు," అన్నాడు. అంతకు మించి చెప్పలేదు. ముప్పై ఏళ్లకు పైగా ఆ పెట్టె మూత తీయలేదు.

రిటైరయ్యాక భార్యాభర్తలు బూర్గంపాడు వచ్చేశారు. అది వదిన పుట్టిన ఊరు. పిల్లలు లేరు. రెండు గదుల రేకుల ఇల్లు, ముందు వేపచెట్టు నీడ. నేను నెలకోసారి భద్రాచలం పని మీద పోతూ ఆగేవాణ్ణి. అలా ఆగిన ఒకరోజు ఆయన టీ గ్లాసు కింద పెడుతుంటే టకటకమని చప్పుడైంది. ముగ్గురం గ్లాసు వంకే చూశాం. వదిన లేచి లోపలికి వెళ్లిపోయింది.

ఖమ్మంలో నరాల డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్లాను. డాక్టరు ఆయన్ని వేళ్లు ఆడించమన్నాడు, గదిలో అటూ ఇటూ నడిపించాడు, వెనక్కి తిరగమన్నాడు. వణుకుడు జబ్బు అన్నాడు. మందులు వాడితే కొంతకాలం నెట్టుకురావచ్చు, పోవడమంటూ ఉండదు. చివర్లో ఒక మాట చెప్పాడు. "తిరిగేటప్పుడు జాగ్రత్త పెద్దాయనా. ఒక్కసారిగా తిరగొద్దు. ఈ జబ్బులో పడేవాళ్లంతా తిరిగేటప్పుడే పడతారు." ఆ మాట ఆయనా విన్నాడు, నేనూ విన్నాను. ఇంటికొచ్చాక వదినకు నేనే చెప్పాను కూడా.

ఆ వారమే ఆయన ట్రంకు పెట్టె దించాడు. తర్వాతి నెల నేను వెళ్లేసరికి ఇంజన్ కిరసనాయిల్ డబ్బాలో నానుతోంది. లోపలి ఆముదం ముప్పై ఏళ్లకు జిగురై, బిగుసుకుపోయిందట. రోజూ తీసి ఒకసారి తిప్పిచూస్తాడు, మళ్లీ నానేస్తాడు. పద్దెనిమిదో రోజు కదిలిందని ఫోన్ చేసి చెప్పాడు. అంత గట్టిగా ఆయన మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు.

"చెయ్యి పోకముందుకు ఒక్కసారి ఎగరేస్త తమ్మీ. మంచిగ దించుత. గంతే, ఇంకేం అడగ."

పాత రెక్కలు పెట్టెలోనే పురుగుపట్టి పొడైపోయాయి, కొత్తవాటికి తేలిక కర్ర కావాలి. పట్నంలో దొరికే కర్ర వద్దన్నాడు, పొణికి చాలన్నాడు. కొయ్యబొమ్మలు చేసే కర్ర అది, మా అడవిలోనూ ఉంటుంది. ఎండిన ముక్కను పన్నుకు తాకించి తట్టేవాడు. మోతను బట్టి తడి ఆరిందో లేదో చెప్పేవాడు. వెదురు చీల్చి అంచులు కట్టాడు. రెక్క మీద కాగితం అంటించడం వదిన పని. ఆమె దాన్ని పట్టుచీరలా ఇస్త్రీ చేసేది, చేస్తూ తిట్టేది.

"ఈ వయసుల గాలిమోటర్ల పిచ్చి ఏందో. ఎవలన్న చూస్తె నవ్విపోతరు."

"నవ్వనీ. నువ్వు మడత పడకుండ అంటియ్యి," అనేవాడు ఆయన.

బ్లేడుతో రెక్క లోపలి ఎముకలు కోయడమే ఆయనకు గండం. ఒకటి కోయడానికి ఒక పొద్దు పట్టేది. ఎడమచేతి వేళ్లన్నీ బట్టపేలికలే. అయినా ఒక సంగతి కనిపెట్టాడు. చేయి ఊరికే ఒళ్లో పెట్టుకుంటే వణుకుతుంది, పని చేస్తుంటే వణుకు తగ్గుతుంది. అది తెలిశాక ఆయనకు ధైర్యం వచ్చింది. పిడి పట్టుకుంటే అసలే వణకదని నమ్మాడు. పొద్దునా సాయంత్రం వట్టి పిడి పట్టుకుని, కుర్చీలో కూర్చుని, మణికట్టు పైకీ కిందికీ వంచుతూ అలవాటు చేసేవాడు. తినేటప్పుడు చెంచా వణికితే ఎడమచేత్తో కుడిచేతిని పట్టుకుని ఆపేవాడు. ఎప్పుడు చూసినా ఆ చేయి మీదే కళ్లు.

రిమోటుతో ఎగిరేవి వచ్చాయి, మన చేయి వణికినా అవి తిన్నగా పోతాయట అని నేనొకసారి చెప్పాను.

"చేతితోని పని లేకుంటె ఎగిరేసుడు ఎందుకు? అది ఎగురుతది, మనం చూస్తం. నింగిల గద్దలు గూడ ఎగురుతున్నయ్," అన్నాడు.

ఒక విమానం తయారు కావడానికి రెండేళ్లు పట్టింది. ఆ రెండేళ్లలో ఆయన అడుగులు చిన్నవయ్యాయి. గడప దగ్గర ఆగిపోయి, కాలు నేలకు అంటుకున్నట్టు నిలబడేవాడు. వదిన ముందు నుంచి చేయి పట్టి "ఒకటి, రెండు" అంటే కదిలేవాడు. మేమెవరమూ కాళ్ల సంగతి మాట్లాడలేదు. ఆయన చేయి గురించే అడిగేవాడు, మేము చేయి గురించే చెప్పేవాళ్లం.

మొన్న ఎండాకాలం మొదట్లో విమానం సిద్ధమైంది. ఆయన వదినకు వినపడేలాగే నన్ను అడిగాడు. "ఆదివారం వస్తవా? ఏటికాడ ఒండ్రు ఎండి గట్టిపడ్డది. నువ్వు పట్టుకుని ఇడిస్తె చాలు."

వదిన వంటింట్లోంచి వచ్చి గుమ్మంలో నిలబడింది. "వద్దు తమ్మీ. డాక్టర్ చెప్పింది యాదికున్నదా? గిర్రున తిరగాలెనట దానికి. ఈయన మంచం కాడికెళ్లి బాత్రూంకు తిరగలేకపోతున్నడు. నువ్వన్న చెప్పు."

ఆయన నా వంక చూశాడు. కళ్లలో బతిమాలడమేమీ లేదు. గంట కోసం ఎదురుచూసే మనిషిలా చూశాడు.

"వస్త అన్న," అన్నాను.

వదిన గుమ్మంలోంచే తిరిగి పొయ్యి దగ్గరికి పోయింది.

ఆదివారం ఎండెక్కకముందే గోదావరి ఒడ్డుకు పోయాం. ఆటోలో విమానాన్ని ఆయన ఒళ్లో పెట్టుకున్నాడు. వదిన రాలేదు. నీళ్లు బాగా లోపలికి తగ్గిపోయి, ఇవతల నేల పగుళ్లుబారి బండలా ఉంది. ఆయన కాళ్లకు పట్టు దొరకాలని నేను పాత బెల్టు ముక్క ఒకటి తెచ్చి పరిచాను, బాయిలో బొగ్గు మోసే రబ్బరు బెల్టు. తీగలు పరిచాం. ఆయన మోకాళ్ల మీద కూర్చుని ఇంజన్ ముట్టించాడు. విమానం ముక్కున ఉన్న పంకా తిప్పడానికి వేలు చాలక కర్రముక్కతో కొట్టాడు. ఇరవై సార్లు కొట్టాక అందుకుంది. ఆ మోతకు అవతల ఒడ్డు కొంగలు లేచాయి. ఆముదం కాలిన వాసన.

విమానం నా చేతికిచ్చి, ఆయన నడిచి మధ్యకు పోవడానికి చాలాసేపు పట్టింది. బెల్టు మీద నిలబడి, పిడి పట్టుకుని, తీగలు బిగిసేలా చేయి చాచాడు. ఆ చేయి వణకలేదు. నేను అంత దూరం నుంచి చూశాను, నిజంగానే వణకలేదు. తల ఊపాడు. నేను వదిలి, కింద కూర్చుండిపోయాను.

ఎగిరింది. మనిషి ఎత్తున, గీత గీసినట్టు ఎగిరింది. తొలి రౌండు నా తలపై నుంచి పోయినప్పుడు గాలి చెవిని కోసింది. విమానంతోపాటే ఆయనా తిరుగుతున్నాడు కనుక, రౌండుకొకసారి ఆయన మొహం నావైపు వచ్చేది. ఆ మొహంలో సంతోషం కోసం చూశాను. రెండో రౌండులో చూశాను, మూడో రౌండులో చూశాను. పెదాలు తెల్లబడి ఉన్నాయి. రెప్ప వేయడం లేదు. పిల్లవాడు నీళ్లలోకి పోతుంటే ఒడ్డు నుంచి చూసే తల్లి మొహం అలా ఉంటుంది.

తర్వాత తర్వాత ఆయన తిరగడం నెమ్మదించింది. విమానం ముందుకు పోతోంది, ఆయన వెనకబడుతున్నాడు. చాచిన చేయి మెల్లగా ఒంటికి అడ్డంగా వచ్చింది. పాదాలు బెల్టుకు అంటుకుపోయాయి. వదిన లెక్కపెట్టినట్టు "ఒకటి, రెండు" అని అరిచాను, ఇంజన్ మోతలో అది నాకే వినపడలేదు. తీగలు ఆయన భుజం మీదుగా వీపుకు చుట్టుకున్నాయి. పైన నడుము తిరిగింది, కింద కాళ్లు తిరగలేదు. చెట్టు కొట్టినట్టు పక్కకు పడిపోయాడు. విమానం ఒక్కసారి పైకి లేచి, ముక్కు కిందికి పెట్టి నేలలో దిగబడింది.

నేను పరిగెత్తాను. ఆయన పిడి వదలలేదు. "మోటర్ బందైందా?" అని అడిగాడు. అయిందన్నాను. అప్పుడు వదిలాడు.

తుంటి ఎముక విరిగింది. భద్రాచలం దవాఖానాలో చూసి ఖమ్మం పంపారు. ఆపరేషన్ చేశారు గానీ, ఆ జబ్బు మనిషి మళ్లీ నిలబడటం కష్టమని ముందే చెప్పారు. నేను మంచం పక్కన కూర్చున్న ఒకరోజు, ఏదో ఒక మంచి మాట చెప్పాలనిపించింది.

"మూడు నిమిషాలు మంచిగ ఎగిరింది అన్న."

ఆయన కప్పు వంక చూస్తున్నాడు. మాట అప్పటికే సన్నబడింది. "లేదు. పదకొండు రౌండ్లు. నేను లెక్కవెట్టిన. నిమిషం గూడ లేదు."

"చెయ్యి వణకలె గద."

"అవ్. చెయ్యి వణకలె." కళ్లు దించి దుప్పటి మీది ఆ చేతిని చూశాడు. "రెండేండ్లు చేతికి కావలున్న. కాళ్లు ఉన్నయనే మర్సిపోయిన." నవ్వుతాడేమోనని చూశాను. నవ్వలేదు. "దించలేకపోయిన తమ్మీ. దించుడే రాలె."

ఇంటికి తెచ్చాక మంచం దిగలేదు. ఒళ్లు పుండ్లు పడింది, మింగుడు కష్టమైంది. శ్రావణంలో ముసురు పట్టినప్పుడు ఊపిరితిత్తులకు నెమ్ము చేరింది, అయిదు రోజుల్లో పోయాడు. చావు నాడు వదిన ఏడ్చింది, వచ్చినవాళ్లందరి చేతులూ పట్టుకుంది. నా చేయి పట్టుకోలేదు. నేను దూరంగా వేపచెట్టు కింద నిలబడి, కార్యం కాగానే వచ్చేశాను. దినాలకు జ్వరమని కబురు చేశాను. జ్వరం లేదు.

చేనికి మందు కొట్టించిన మూడోనాడు బస్సెక్కి బూర్గంపాడు వెళ్లాను. వదిన వాకిట్లో కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తోంది. చుట్టుపక్కల వాళ్లకు ఆ పని చేసి పెడుతోందట. నన్ను చూసి కొంచెం జరిగింది. గోడకానుకుని కూర్చున్నాను.

"నేను ఆనాడు రానని చెప్పాలె వదినా," అన్నాను.

"అవ్. చెప్పాలె," అంది.

ఆమె ఓదార్చలేదు. ఓదార్పు కోసం నేను పోలేదనుకున్నాను గానీ, దానికోసమే పోయానని అప్పుడు తెలిసింది.

గంప సగం నిండాక అడిగింది. "ఎగిరేటప్పుడు ఆయన మొకం చూసినవా?"

"చూసిన."

"ఎట్లుండె?"

నవ్విండు వదినా, అందామనుకున్నాను. పెద్ద అబద్ధమేమీ కాదు, ఎవరికీ నష్టం లేదు. ఆమె రాత్రుళ్లు ఒక్కతే ఉంటుంది, ఆ నవ్వును పక్కన పెట్టుకుని పడుకుంటుంది. కానీ దవాఖానా మంచం మీద ఆయన నా మూడు నిమిషాలను ఎలా తోసేశాడో గుర్తొచ్చింది.

"భయపడ్డడు వదినా. ఎగిరినంత సేపు భయపడ్డట్టే ఉన్నడు."

ఆమె చేతులు ఆగాయి. మచ్చలు పడ్డ ఒక కాయను పక్కన వేసింది.

"డ్యూటీ దిగి గదే మొకంతోని వచ్చేటోడు," అంది. "ఉన్నన్నేండ్లు రోజూ గంతే. వచ్చి చేతులు కడుక్కుని, కడుక్కుని, బువ్వ ముందట కూసుంటె ముద్ద దిగకపోతుండె. తాడు తెగినట్టు కలలు. బ్రేక్ పట్టనట్టు కలలు. ఈ నౌకరి ఇడిసిపెట్టు, కూలి చేసుకుని బతుకుదమని కాళ్లు పట్టుకున్న ఒకనాడు."

నేను నమ్మలేనట్టు చూశాను. కేజ్ ఆగిన సంగతి తెలియనంత మెత్తగా మమ్మల్ని దించిన మనిషి. "మాకు ఎవ్వలకూ చెప్పలె వదినా. నాకు గూడ ఎన్నడు చెప్పలె."

"మీకెట్ల చెప్తడు?" అంది వదిన. "మీరు తెల్లారి కేజ్ ఎక్కాలె గద."

గంప తన వైపు లాక్కుని, మళ్లీ తొడిమలు తీయడం మొదలుపెట్టింది. కూర్చోమనలేదు, పొమ్మనలేదు. బస్సు టైమయ్యేదాకా అక్కడే ఉన్నాను.